క్రీమ్‌లో సరుకుల కన్నా క్రమం ముఖ్యం

నేను క్రీములు, షాంపూలు తయారుచేసే ఫ్యాక్టరీలో కెమిస్టుని. ఆ సంగతి తెలియగానే పెళ్లిళ్లలో, పేరంటాల్లో చుట్టాలు అడిగేది దాదాపు ఒకటే: "ఏమ్మా, ఏ క్రీమ్ మంచిదో నువ్వు చెప్పు." ఆ వెంటనే అందులో కలబంద ఉందా, కుంకుమపువ్వు ఉందా, విటమిన్లు ఉన్నాయా అని ఆరా తీస్తారు. ఎలా చేశారు, ఎక్కడ చేశారు అని మాత్రం అడగరు. అసలు అడగాల్సింది అదే. అవే సరుకులు, అవే తూకాలు ఇద్దరికిచ్చి చేయమనండి. ఒకరి చేతిలో నున్నటి క్రీమ్ తయారవుతుంది. ఇంకొకరి చేతిలో నెల తిరక్కుండానే నూనె ఒకవైపు, నీరు ఒకవైపు తేలతాయి. ఏది ముందు వేశారు, ఎంత వేడిలో కలిపారు, ఎంత నిదానంగా చల్లార్చారు, ఎంత శుభ్రంగా చేశారు అన్న దాన్నిబట్టే ఈ తేడా వస్తుంది.

మన నాయనమ్మలు క్రీమ్ అనలేదు, స్నో అన్నారు. 1919లో బొంబాయిలో ఇ.ఎస్. పటన్‌వాలా మొదలుపెట్టిన ఆఫ్ఘన్ స్నో ఇంటింటికీ చేరింది. 1952లో టాటాలు లాక్మేను తెచ్చారు. పాత కాలపు స్నోలో ముఖ్యమైన సరుకు స్టియరిక్ యాసిడ్ అనే కొవ్వు ఆమ్లం. దానిలో కొంత భాగాన్ని క్షారంతో కలిపి అక్కడికక్కడే సబ్బుగా మారుస్తారు. ఆ సబ్బే మిగతా కొవ్వునీ నీటినీ విడిపోకుండా పట్టి ఉంచుతుంది. ఇప్పుడు సరుకులు పెరిగాయి, యంత్రాలు మారాయి. కలవని రెండింటిని కలిపి ఉంచడమన్న అసలు పని మాత్రం అలాగే ఉంది.

నీళ్ల దగ్గరే సగం పని

మామూలు ఫేస్ క్రీమ్‌లో దాదాపు 70 శాతం, షాంపూలో ఇంచుమించు 80 శాతం నీరే. కాబట్టి మా ఫ్యాక్టరీలో అన్నిటికన్నా ముఖ్యమైన ముడిసరుకు నీరు. హైదరాబాద్ చుట్టుపక్కల బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. ఆ నీళ్లతో క్రీమ్ చేస్తే లోపలి సబ్బు పదార్థం తెట్టుగా విడిపోతుంది. అందుకే నీటిని మెత్తబరిచి, ఆర్‌ఓ పొరల్లోంచి పంపి, అతినీలలోహిత దీపం కిందుగా తీసుకొస్తాం.

లవణాలను తీసేయడం తేలిక. సూక్ష్మజీవులతోనే కష్టం. శుద్ధి చేసిన నీటిలో కూడా బతకగల సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా ఉంది. పైపు వంపులో, వాడని కుళాయి వెనక కాసిని నీళ్లు నిలిచినా దానికి చాలు. అక్కడ జిగురు పొర కట్టుకుని కూర్చుంటుంది. అలా నీరు నిలిచే చోటుని మా భాషలో డెడ్ లెగ్ అంటాం. మంచి ఫ్యాక్టరీలో శుద్ధి చేసిన నీరు ట్యాంకులో పడి ఉండదు, పైపుల్లో రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంటుంది. క్రమం తప్పకుండా 80 డిగ్రీల వేడి నీటిని ఆ పైపులన్నిటా తిప్పుతారు.

పొద్దున షిఫ్టులో మా మొదటి పని నీటి శాంపిల్. కుళాయి మూతిని 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచి, కాసేపు నీరు వదిలేసి, స్టెరిలైజ్ చేసిన సీసాలోకి పడతాం. కొత్తగా చేరిన పిల్లలు నూటికి నూరు శాతం ఆల్కహాల్ వాడితే ఇంకా మంచిది కదా మేడమ్ అంటారు. కాదు. శుద్ధ ఆల్కహాల్ చప్పున ఆవిరైపోతుంది, సూక్ష్మజీవి పై పొరనే గట్టిపరిచి ఆగిపోతుంది. అందులో కొంత నీరు ఉంటేనే లోపలికి దిగి చంపుతుంది.

కెటిల్ దగ్గర ఒక బ్యాచ్

గోడౌన్‌కి డ్రమ్ము రాగానే దాని మీద పసుపు చీటీ అంటిస్తారు. అంటే ఇంకా పరీక్షలో ఉందని. క్వాలిటీ కంట్రోల్ వాళ్లు పాస్ చేస్తే ఆకుపచ్చ చీటీ, కాదంటే ఎర్ర చీటీ. డ్రమ్ము మీది పేరు చూసి లోపలి సరుకుని నమ్మడం ఈ వృత్తిలో నేరంతో సమానం. గ్లిజరిన్‌నే తీసుకోండి. డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషద్రవం చూడటానికి అచ్చం గ్లిజరిన్‌లాగే ఉంటుంది, దానిలాగే తియ్యగా ఉంటుంది, ధర మాత్రం తక్కువ. 2007లో చైనా నుంచి వెళ్లిన కొన్ని టూత్‌పేస్టుల్లో అది బయటపడి చాలా దేశాలు ఆ సరుకుని దుకాణాల నుంచి తీయించాయి. ప్రతి డ్రమ్మునీ పరీక్షించాలన్న పట్టుదల అలాంటి అనుభవాల నుంచే వచ్చింది.

తూకం గదిలో ఒకరు తూస్తారు, ఇంకొకరు చూసి సంతకం పెడతారు. ప్రతి అడుగూ బ్యాచ్ రికార్డులో ఎక్కుతుంది: ఏ డ్రమ్ములోంచి ఎంత తీశారు, ఎన్ని గంటలకు కలిపారు, వేడి ఎంత, ఆపరేటర్ ఎవరు.

ఆ తర్వాత రెండు పాత్రలు వేడెక్కుతాయి. ఒకదాంట్లో నూనె వైపు సరుకులు: స్టియరిక్ యాసిడ్, సీటైల్ ఆల్కహాల్, గ్లిజరిల్ మోనోస్టియరేట్, మినరల్ ఆయిల్. రెండోదాంట్లో నీరు, గ్లిజరిన్. శుద్ధమైన స్టియరిక్ యాసిడ్ దాదాపు 69 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అందుకని రెండు పాత్రల్నీ 75 డిగ్రీల దగ్గరికి తెస్తాం. రెండింటి వేడీ ఒక్కటిగా ఉండాలి. నూనె 75లో ఉండి నీరు 60లోనే ఉంటే, కలిసిన మరుక్షణం కరిగిన మైనం రవ్వలు కట్టేస్తుంది. అప్పుడు ఎంత తిప్పినా లాభం ఉండదు.

చిక్కదనానికి వాడే కార్బోమర్ పొడితోనూ ఇదే గొడవ. నీటిలో ఒక్కసారిగా కుమ్మరిస్తే రాగిజావలో ఉండలు కట్టినట్టు పైన తడిసి, లోపల పొడిగా మిగిలిపోతుంది. సుడి తిరుగుతున్న నీటి మీద కొద్దికొద్దిగా జల్లాలి, పూర్తిగా నానేదాకా ఓపిక పట్టాలి.

అసలు కలయిక పెద్ద కెటిల్‌లో జరుగుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు పాత్ర, దాని గోడ రెండు పొరలు. ఆ పొరల మధ్య ఖాళీని జాకెట్ అంటాం. అందులోకి ఆవిరి వదిలితే వేడెక్కుతుంది, చల్లటి నీరు వదిలితే చల్లారుతుంది. లోపలి గాలిని పంపుతో లాగేస్తే రెండు పాత్రల్లోని సరుకూ జల్లెడ గుండా పైపుల్లోంచి వచ్చి పడుతుంది. గాలి తీసేయడం వల్ల క్రీమ్‌లో బుడగలు ఉండవు, నూనెలు త్వరగా చెడవు, డబ్బాలో నింపేటప్పుడు తూకం తప్పదు.

అప్పుడు హోమోజినైజర్ ఆన్ చేస్తాం. నిమిషానికి 3000 చుట్లకు దగ్గరగా తిరిగే ఆ చిన్న చక్రం నూనె చుక్కల్ని చీల్చి చీల్చి కొన్ని మైక్రాన్ల పరిమాణానికి తెస్తుంది. తలవెంట్రుక మందం ఇంచుమించు 70 మైక్రాన్లు. దాంతో చూసుకుంటే ఆ చుక్క ఎంత చిన్నదో ఊహించుకోవచ్చు. ప్రతి చుక్క చుట్టూ ఎమల్సిఫైయర్ ఒక పొరగా చేరి పక్క చుక్కతో కలిసిపోకుండా కాపు కాస్తుంది. చుక్కలు ఎంత చిన్నవైతే, ఎంత సమానంగా ఉంటే, క్రీమ్ అంత కాలం నిలుస్తుంది.

ఇక్కడితో పని అయిపోయిందనుకుంటారు. చల్లార్చడం దగ్గరే ఎక్కువ బ్యాచ్‌లు చెడతాయి. జాకెట్‌లోకి చల్లటి నీరు ఒక్కసారిగా వదిలితే గోడ పక్కనున్న క్రీమ్ ముందే గట్టిపడుతుంది, మధ్యలోది ఇంకా వేడిగా ఉంటుంది. ఆ రెండూ కలిస్తే చేతికి గరుకు తగులుతుంది. అందుకే టెఫ్లాన్ అంచుల గరిటెలు గోడను గీకుతూ నిదానంగా తిరుగుతుంటే, నీటిని కొంచెం కొంచెంగా వదలాలి.

మా మిక్సింగ్ ఆపరేటర్ అన్నకి చదువు పదో తరగతి వరకే. కెటిల్ దగ్గర ఆయన మాటకి మేమంతా ఆగుతాం. ఒకరోజు పైనుంచి తొందర ఎక్కువై, సెంటు పోసేద్దామా అని అడిగాను. ఆయన ఆంపియర్ మీటరు వైపు చూశారు. క్రీమ్ చిక్కబడేకొద్దీ మోటారు మీద బరువు పెరిగి ఆ ముల్లు కదులుతుంది. "ఇంకా వేడి దిగలే మేడమ్. ముల్లు లేవలేదు చూడుర్రి. జర ఆగుదాం," అన్నారు. థర్మామీటరు చూస్తే 52 డిగ్రీలు. 45 కిందికి దిగాకే సువాసన ద్రవ్యం కలపాలి. ముందే కలిపితే సువాసన ఆవిరితో పాటు పోతుంది. ఆగాం. ఆ ఓపికకి విలువ కట్టి ఏ ప్యాకెట్ మీదా రాయరు.

క్రీమ్ నింపే హాల్లో ఆడవాళ్లే ఎక్కువ. తలకి టోపీ, నోటికి మాస్కు, చేతులకి గ్లవ్స్. గాజులు, గోళ్ల రంగు, స్టిక్కర్ బొట్టు అన్నీ బయటే వదిలి రావాలి. ఊడిన స్టిక్కర్ ఒక్కటి డబ్బాలో పడితే ఆ బ్యాచ్ మొత్తాన్నీ అనుమానించాల్సి వస్తుంది. లక్షల మంది అలంకరణ కోసం పనిచేసే ఆ అక్కచెల్లెళ్లు తమ అలంకరణను గుమ్మం దగ్గర తీసి పెట్టి లోపలికి వస్తారు.

ఉప్పుతో చిక్కబడే షాంపూ

మన పల్లెల్లో కిరాణా కొట్ల ముందు వరసగా వేలాడే షాంపూ ప్యాకెట్లకు దారి తీసింది తమిళనాడులోని కడలూరు. అక్కడ చిన్ని కృష్ణన్ కుటుంబం వెల్వెట్ షాంపూని సాషేల్లో, అంటే చిన్న ప్యాకెట్లలో అమ్మింది. ఆయన కొడుకు సి.కె. రంగనాథన్ 1983లో చిక్ షాంపూతో సొంత వ్యాపారం మొదలుపెట్టారు. సీసా కొనలేనివాళ్లకి కూడా ఒక తలస్నానానికి సరిపడా షాంపూ చేతికొచ్చింది.

చాలా షాంపూల్లో నురగనిచ్చేది సోడియం లారెత్ సల్ఫేట్. ఇది 70 శాతం గాఢతలో చిక్కటి పేస్టుగా డ్రమ్ముల్లో వస్తుంది. పలచన చేయడం తేలికే అనిపిస్తుంది కానీ ఇక్కడా క్రమమే ముఖ్యం. ఆ పేస్టు మీద నీళ్లు పోస్తే గాఢత మధ్యస్థాయికి దిగినప్పుడు పలచబడకపోగా కదలని గట్టి జెల్లుగా బిగుసుకుపోతుంది. అందుకే ముందు నీళ్లు, అందులోకి కొద్దికొద్దిగా పేస్టు. అదీ నెమ్మదిగా తిప్పుతూ. జోరుగా తిప్పితే కెటిల్ నిండా నురగే.

తర్వాత కొబ్బరినూనె నుంచి తయారయ్యే కోకామిడోప్రొపైల్ బీటైన్ కలుపుతాం. అది మంటను తగ్గిస్తుంది, నురగను నిలబెడుతుంది. సిట్రిక్ యాసిడ్‌తో పీహెచ్ సరిచేస్తాం. చివరన ఉప్పు. అవును, షాంపూని చిక్కబరిచేది మనం కూరలో వేసుకునే సోడియం క్లోరైడే. ఉప్పు వేసేకొద్దీ సబ్బు అణువుల గుంపులు పొడవాటి పోగులుగా మారి ఒకదానితో ఒకటి పెనవేసుకుంటాయి. షాంపూ చిక్కబడుతుంది. ఒక హద్దు దాటాక ఇంకా వేస్తే మళ్లీ పలచబడటం మొదలవుతుంది. వేసిన ఉప్పుని వెనక్కి తీయలేం. అందుకని ఉప్పు నీళ్లు కొంచెం పోయడం, తిప్పడం, శాంపిల్ తీసి విస్కోమీటరులో చూడటం, మళ్లీ కొంచెం పోయడం. షాంపూ చిక్కదనం నాణ్యతకి గుర్తని చాలామంది నమ్ముతారు. చిక్కగా ఉందంటే ఉప్పు సరిగ్గా పడిందని మాత్రమే అర్థం.

కుంకుడు, శీకాయల మాట కూడా చెప్పాలి. విశాఖ మన్యంలో గిరిజనులు ఏరిన ఈ కాయల్ని 1956 నుంచీ గిరిజన సహకార సంస్థ కొంటోంది. కుంకుడులోని సపోనిన్లు సహజంగా నురగనిస్తాయి. అయితే ఇంట్లో తీసిన కుంకుడు రసం రెండోరోజుకే వాసన కొడుతుంది. దాన్నే సీసాలో పెట్టి ఏడాది నిలవ ఉంచాలంటే సంరక్షక పదార్థం కలపక తప్పదు. మూలిక అయినంత మాత్రాన సూక్ష్మజీవులు దాన్ని వదిలిపెట్టవు.

సబ్బు, పౌడరు, లిప్‌స్టిక్

ఈ రోజుల్లో చాలా సబ్బుల ఫ్యాక్టరీలు నూనెను మొదటినుంచీ వండవు. పామాయిల్‌తో చేసిన సోప్ నూడుల్స్ తెచ్చుకుంటాయి. వాటికి రంగు, సువాసన కలిపి, మూడు రోలర్ల మధ్య నలిపి, ప్లాడర్ అనే యంత్రంలోంచి పొడవాటి కడ్డీగా తోసి, ముక్కలు కోసి అచ్చు వేస్తారు. కొనేవాళ్లు చూడాల్సింది టీఎఫ్ఎం, అంటే మొత్తం కొవ్వు పదార్థం. భారతీయ ప్రమాణాల ప్రకారం ఒకటో గ్రేడు టాయిలెట్ సబ్బులో అది కనీసం 76 శాతం ఉండాలి, రెండో గ్రేడులో 70, మూడో గ్రేడులో 60. బాతింగ్ బార్ అని రాసి ఉంటే అది వేరే జాతి. దానికి 40 శాతం ఉన్నా చాలు.

లిప్‌స్టిక్‌లో, ఐషాడోలో మెరుపు చాలావరకు మైకా పొరల మీద టైటానియం డయాక్సైడ్ పూతతో వస్తుంది. మన గూడూరు ప్రాంతం మైకాకి పేరుపడ్డదే. టాల్కం పౌడరుకి మూలమైన స్టియటైట్ కర్నూలు, అనంతపురం ప్రాంతాల్లో దొరుకుతుంది. నేలలో టాల్క్ పక్కనే ఆస్బెస్టాస్ కూడా ఉండొచ్చు కాబట్టి అది లేదని తేల్చే పరీక్ష తప్పనిసరి. అమెరికాలో ఏళ్ల తరబడి సాగిన కేసుల నేపథ్యంలో జాన్సన్ అండ్ జాన్సన్ 2023 నుంచి ప్రపంచమంతటా బేబీ పౌడరులో టాల్క్ మానేసి మొక్కజొన్న పిండికి మారింది.

రెంటచింతల ఎండని తట్టుకోవాలి

తయారైన సరుకు వెంటనే లారీ ఎక్కదు. సూక్ష్మజీవుల పరీక్షలో బ్యాక్టీరియాకి రెండు మూడు రోజులు, బూజుకి అయిదు రోజుల దాకా ఆగాలి. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 17516 ప్రకారం మామూలు క్రీమ్‌లో గ్రాముకి 1000కి మించి సూక్ష్మజీవులు ఉండకూడదు. పసిపిల్లలకి, కళ్ల చుట్టూ వాడేవాటికి 100. సూడోమోనాస్ లాంటి ప్రమాదకరమైనవి అసలే కనిపించకూడదు.

కొత్త ఫార్ములా అయితే 45 డిగ్రీల ఓవెన్‌లో నెలల తరబడి ఉంచుతాం. ఎందుకంత వేడి అని అడిగేవాళ్లకి నేను రెంటచింతల, రామగుండం పేర్లు చెబుతాను. మే నెలలో అక్కడ దుకాణం రేకుల కింద, లారీ టార్పాలిన్ కింద మా డబ్బా అంత వేడినీ భరించాలి. ఇంకో శాంపిల్‌ని గడ్డకట్టించి, కరిగించి, మళ్లీ గడ్డకట్టించి చూస్తాం. ప్రతి బ్యాచ్ నుంచీ కొన్ని డబ్బాలు మా దగ్గరే దాచిపెడతాం. మీరు ఫిర్యాదు చేస్తే ముందు తెరిచేది వాటినే.

ఎవరి బ్రాండు, ఎవరి కెటిల్

బ్రాండు ఉన్న కంపెనీకి ఫ్యాక్టరీ ఉండి తీరాలని లేదు. చాలా పేర్లు ఇతరుల కెటిల్స్‌లోంచే వస్తాయి. 2003లో కేంద్రం పన్ను రాయితీలిచ్చాక హిమాచల్‌లోని బద్ది, ఉత్తరాఖండ్‌లోని హరిద్వార్ ఈ పనికి పెద్ద కేంద్రాలయ్యాయి. ఇందులో తప్పేమీ లేదు. చట్టం దీన్ని ఒప్పుకుంటుంది. 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం, 2020 నాటి కాస్మెటిక్స్ నియమాలు ఇక్కడ కోరేవి రెండు. ఎవరు చేసినా లైసెన్సు ఉండాలి, ఎక్కడ చేశారో అట్ట మీద ఉండాలి.

అది లేని సరుకే నన్ను భయపెడుతుంది. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో చర్మం తెల్లబరిచే క్రీములు వాడినవాళ్లకి మూత్రపిండాల జబ్బు వచ్చినట్టు వైద్యులు గుర్తించారు. కారణం పాదరసం. అది మెలనిన్ తయారీని అడ్డుకుంటుంది కాబట్టి ముఖం తెల్లబడ్డట్టే కనిపిస్తుంది. చర్మం గుండా లోపలికి దిగి మూత్రపిండాల్ని దెబ్బతీస్తుంది. మన నియమాల ప్రకారం ముఖానికి రాసే క్రీమ్‌లో అనుకోకుండా చేరిన పాదరసం కూడా పది లక్షల భాగాల్లో ఒక భాగాన్ని మించకూడదు. పేరు తెలియని కెటిల్‌లో ఆ లెక్క ఎవరు చూస్తారు?

కొనేముందు

అట్ట తిప్పి చూడండి. తయారీదారు పూర్తి చిరునామా, తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, వాడాల్సిన గడువు తేదీ ఉండాలి. విదేశీ సరుకైతే దిగుమతి రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఒక శాతానికి మించిన పదార్థాల్ని ఎక్కువ నుంచి తక్కువకి వరసగా రాయాలి. ఒక శాతం, అంతకన్నా తక్కువ ఉన్నవాటిని వాటి తర్వాత ఎలాగైనా రాయొచ్చు. ఫినాక్సీఇథనాల్ అనే సంరక్షకాన్ని ఒక శాతానికి మించి వాడకూడదు కాబట్టి, జాబితాలో దాని తర్వాత కనిపించే కుంకుమపువ్వు, బాదం కూడా ఒక శాతం లోపే అని తెలుసుకోండి. ధర దేనికి ఇస్తున్నారో అప్పుడు అర్థమవుతుంది.

అట్టని డబ్బా అయిపోయేదాకా పారేయకండి. దద్దుర్లు వచ్చినా, రంగు మారినా, వాసన తేడాగా ఉన్నా వాడటం ఆపి, బ్యాచ్ నంబరుతో సహా కంపెనీకి రాయండి. జవాబు రాకపోతే మీ జిల్లా డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్‌కి ఫిర్యాదు చేయండి. ఆ నంబరు ఉంటే ఏ డ్రమ్ము, ఏ కెటిల్, ఏ షిఫ్టు అన్నది మేం గంటల్లో బయటికి తీయగలం. అది లేని డబ్బా ఎంత చవకగా దొరికినా, ఎంత గొప్పగా చెప్పినా, మీ ఇంట్లోకి రానివ్వకండి.